మిర్చి గోదాములో అంతరిక్ష నౌక

సీతారామాంజనేయులుగారు పదకొండు సైన్స్ ఫిక్షన్ నవలలు రాశారు. వాటిలో ఏ ఒక్కదాన్నీ ఇరవయ్యో పేజీ దాటి చదివినవాళ్లు ఈ భూమ్మీద లేరు. భార్య పుణ్యవతి పదిహేడో పేజీ దగ్గరే చేతులెత్తేసింది. "జనం నమ్మే కథయితేనే పన్నెండోది వేస్తాను, ఇదే ఆఖరు" అని పబ్లిషర్ తేల్చేశాడు. గడువు ఇవాళ మధ్యాహ్నం పన్నెండు.

మేనల్లుడు లోహిత్ నిన్న ఆ పన్నెండో నవలను మాదాపూర్‌లోని తన ఆఫీసులో ప్రింటు తీసి, కాగితాలు మెషీన్లోనే మరిచిపోయి ఇంటికొచ్చేశాడు. పొద్దున పదింటికి వెళ్లి తెచ్చుకుని, పబ్లిషర్ చేతిలో పెట్టి రావాలని పెద్దాయన ఆలోచన.

ఈలోగా అవి టీమ్ లీడర్ రవికిరణ్ కంటబడ్డాయి. వరంగల్ మిర్చి వ్యాపారి ఒకాయన, తన కోల్డ్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌కు ఏమేం కావాలో తెలుగులో రాసి పంపుతానన్నాడు. వారం నుంచి దానికోసమే ఎదురుచూపులు. నవలలోనేమో మనుషులను గడ్డకట్టించి రెండు వందల ఏళ్లు నౌకలో దాచుతారు. క్లయింటు బస్తాలను ప్రయాణికులు అంటున్నాడు కాబోలనుకున్నాడు రవికిరణ్. క్లయింటు రాసినదాన్ని ఎందుకని అడిగే అలవాటు ఆ ఆఫీసులో లేదు.

"నా కాగితాల కోసం వచ్చానండి" అని పెద్దాయన అనడమే తరువాయి, ఆయనే క్లయింటనుకుని కాన్ఫరెన్స్ గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఎదురుగా ఎనిమిది మంది. అందరి చేతుల్లో ఆయన నవలే, పేజీ పేజీకీ పసుపు గీతలతో.

"సార్, యాభై ఏడో పేజీలో చనిపోయిన కెప్టెన్ ఎనభై రెండులో టీ తాగుతున్నాడు. ఏది ఫైనల్?" అంది అనూష అనే ఇంజనీరు.

"ఎనభై రెండు దాకా చదివావా అమ్మా?" ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"రాత్రంతా కూర్చుని రెండుసార్లు చదివాం సార్. ప్రయాణికులు లేవగానే ఏడుస్తారని రాశారు. అందరూ ఒకేసారా, వరుసగానా?"

"వరుసగానమ్మా" అన్నారాయన, బాగా ఆలోచించి. ముప్పై ఏళ్లలో తన కథ గురించి ఒకరు ప్రశ్నలు అడగడం ఇదే మొదటిసారి. ఆ ఆనందంలో గడువు సంగతే మరిచిపోయారు. నూట పన్నెండు తప్పులు తేలాయి. ఒక్కొక్కటీ మిఠాయి తిన్నంత ఇష్టంగా దిద్దుకున్నారు.

ఒంటిగంటకు అసలు మిర్చి వ్యాపారి లింగమూర్తి తన కాగితాలు పట్టుకుని, తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"నా కాగితాలు నా తాననే ఉన్నయ్. మీరేంది, నన్ను బయట కూసోబెట్టి ఎవరితోని ముచ్చట పెడుతున్నరు?"

రవికిరణ్ తన చేతిలోని కాగితాలు పైకెత్తాడు. "మరి ఇదేంటి సార్?"

"నవలండి" అన్నారు సీతారామాంజనేయులుగారు. ఇంతసేపూ వీళ్లు తనను చదివింది జీతం కోసమని తెలిశాక ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

లింగమూర్తి ఒక పేజీ తీశాడు. ఇంకోటి తిప్పాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గంటసేపు చివరి పేజీ దాకా చదివాడు.

"ఏ ప్రయాణికుడు ఎట్లున్నడో నౌకనే చెప్తాంది. నా బస్తాల సంగతి గూడ గిట్లనే చెప్పాలె" అని తన కాగితాలు చించేశాడు. తర్వాత పెద్దాయన వైపు తిరిగాడు. "కథ ఆఖర్ల ఆ నౌకల పిల్లను మాత్రం జర సంపకుండ్రి సారూ."

అంతలో పబ్లిషర్ ఫోన్ చేశాడు. "గడువు దాటిపోయిందండీ. సరే, ఈ కథనైనా ఎవరైనా నమ్ముతారంటారా?"

ఆయన రవికిరణ్ వైపు చూశారు. అతను సాఫ్ట్‌వేర్‌కు గడువు చెబుతూ లింగమూర్తికి ఎనిమిది వేళ్లు చూపిస్తున్నాడు.

"నమ్మారండి. నౌక ఎనిమిది నెలల్లో తయారైపోతుందట."