చల్లటి రీఫండు

గ్యాసు బండ దగ్గర్నుంచి పాల కార్డు దాకా ఎక్కడ నంబరు అడిగినా తన ఫోన్ నంబరే ఇవ్వడం దుర్గాశంకర్‌కు అలవాటు. ఇంటి పెద్ద అన్నాక ఆ మాత్రం ఉండాలని అతని నమ్మకం. ఆ ఏప్రిల్ ఉదయం ఇడ్లీ తింటుండగా, ఎప్పుడో రావలసిన ఇన్‌కమ్ టాక్స్ రీఫండు పడిందని మెసేజ్ వచ్చింది. ఎంగిలిచేత్తోనే లేచి నిలబడ్డాడు.

“రాజ్యం! నలభై వేలు! ఒక్క రూపాయి కూడా వృథా కానివ్వను. తెలివిగా వాడదాం.”

స్కూలుకు బయల్దేరుతున్న అతని భార్య రాజ్యశ్రీ ఆగింది. “ఏవండీ, ఆ డబ్బు గురించే...”

“నువ్వుండు. ఏసీ కొనేద్దాం! బెజవాడ ఎండలకి రాత్రంతా విసనకర్రతోనే కాపురం అయిపోయింది. ఈ వేసవైనా ఒళ్లెరగకుండా నిద్రపోవాలి.”

“నే చెప్పేది వినరూ...”

“బస్సు తప్పిపోద్ది, వెళ్లు వెళ్లు!”

ఆమె అటు వెళ్లగానే ఆఫీసుకు సెలవు పెట్టి, బెంజ్ సర్కిల్ దగ్గర ఓ షాపులో ఏసీ బేరం చేసేశాడు. ఆనందం పట్టలేక పామర్రులో ఉన్న అత్తగారు చౌడేశ్వరికి ఫోన్ కొట్టాడు. “ఏసీ పెట్టిస్తున్నానండీ అత్తయ్యగారూ! ఓసారి వచ్చి చూసిపోండి.” మాటవరసకు అన్న మాటే అది. మధ్యాహ్నానికల్లా ఆవిడ చాప, తలగడ, ఆవకాయ జాడీతో దిగిపోయింది.

“చూసిపోవడమేంటి బాబూ, వేసవంతా ఉంటాగా!”

ఇంతలో మెకానిక్ సాయిగణేష్ ఏసీ పెట్టెతో వచ్చి గోడకు డ్రిల్లు పెట్టాడు. ఆ చప్పుడుకి ఇంటి ఓనరు మాణిక్యమ్మ పరిగెత్తుకొచ్చింది.

“నా గోడ! ఎవర్నడిగి తొలుస్తున్నారండీ?”

“కోప్పడకండి మాణిక్యమ్మగారూ, రాత్రికి మీరూ మా గదిలోనే పడుకోండి!” అన్నాడు దుర్గాశంకర్ హుషారుగా. ఆవిడ కోపం ఇట్టే దిగిపోయింది. చాప తెచ్చుకోవడానికి వెళ్లింది.

గోడకు పిడికిలంత బెజ్జం పడింది. సాయిగణేష్ చేతులు దులుపుకున్నాడు. “సార్, పేమెంట్ కొట్టేస్తే పెట్టె విప్పుతానండి.”

దుర్గాశంకర్ దర్జాగా కొట్టాడు. ఖాతాలో డబ్బు చాలదంది ఫోను. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే మాట. అప్పుడు మొదటిసారి పొద్దుటి మెసేజ్ పూర్తిగా చదివాడు. అందులో ఉన్న పాన్ నంబరు రాజ్యశ్రీది. ఆడిటరు దగ్గర ఇద్దరి రిటర్నులకూ అతను తన ఫోన్ నంబరే ఇచ్చాడు మరి. ఏసీ పెట్టె వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది. మాణిక్యమ్మ చాపతో వచ్చి, గోడకు పడ్డ బెజ్జం చూసి తిట్టిపోసి, చాపతోనే వెనక్కి పోయింది.

సాయంత్రం రాజ్యశ్రీ గుమ్మంలో అడుగుపెట్టగానే ఎదురెళ్లాడు. “అది నీ డబ్బటగా! పొద్దున్నే చెప్పొచ్చుగా?”

“మీరు చెప్పనిస్తేగా! నిన్న నా ఖాతాలో పడగానే నేనూ తెలివిగానే వాడానండీ. సెలవులివ్వగానే మా టీచర్లతో ఊటీ వెళ్తున్నా. అమ్మకీ టిక్కెట్టు తీశా. కాపురానికొచ్చినప్పట్నుంచీ నాకూ నిద్ర లేదు కదండీ.”

దుర్గాశంకర్‌కు విసనకర్ర గుర్తొచ్చింది. దాన్ని రాత్రిళ్లు ఎక్కువగా విసిరింది ఆమే. “మరి నేనో?” అన్నాడు నీరసంగా.

“మీకు ఆఫీసుంది కదా!”

చౌడేశ్వరి అప్పటికే చాప చుట్టేసి, స్వెట్టరు గురించి అడుగుతోంది.

ఆ వేసవంతా దుర్గాశంకర్ గదిలోకి గాలి మాత్రం బాగానే వచ్చింది, గోడకున్న బెజ్జంలోంచి.