వంక దొరకని గోడ

ఆ రోజుకి మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వంటగదిలో పొయ్యి పక్క గోడకి ఒక చెక్క షెల్ఫు బిగించాలి. తొమ్మిదింటికి మేస్త్రి వస్తాడు, పదకొండుకల్లా పనైపోతుంది, పన్నెండుకి భోజనం. ఆ తర్వాత సాయంత్రం దాకా ఏం చెయ్యాలన్నది మాత్రం పథకంలో లేదు. భార్య పోయిన ఈ నాలుగేళ్లలో ఏ రోజు పథకంలోనూ అది లేదు.

మాస్టారంటే బళ్లో పాఠాలు చెప్పిన మనిషి కాదు. మోటార్ల కర్మాగారంలో ముప్ఫయ్యేళ్లు తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. అందరి తప్పులూ దిద్దుతారని అక్కడివాళ్లు వెటకారంగా మాస్టారన్నారు, అదే ఖాయమైపోయింది. ఆసుపత్రి మంచమ్మీద పడుకుని కూడా కిటికీ రెక్క వంకరగా ఉందని నర్సుతో గొడవ పెట్టుకున్న ఘనుడు. అలా వంకలు పెట్టగా పెట్టగా ఇంటికొచ్చేవాళ్లు తగ్గిపోయి, చివరికి గ్యాసు సిలిండరు తెచ్చే అతనొక్కడే మిగిలాడు. అతను కూడా గుమ్మంలో దించేసి పరుగే పరుగు.

ఇక మేస్త్రి సంగతి. "నా పని మీద చెయ్యేసి చూడండి సార్" అంటాడు గర్వంగా. చెయ్యేస్తే ఊడి చేతికొస్తుంది.

మేస్త్రి గోడకి నాలుగు రంధ్రాలు చేసి షెల్ఫు బిగించాడు. మాస్టారు దాని మీద తన రసమట్టం పెట్టారు. గాజుగొట్టంలోని గాలిబుడగ ఒక మూలకి పరిగెత్తింది.

"ఏమయ్యా, దీనిమీద గ్లాసు పెడితే జారి నా కాళ్లమీద పడదూ?"

"షెల్ఫు బ్రహ్మాండంగా ఉంది సార్. మీ గోడే వాలింది."

గోడ వాలిందో లేదో తేల్చడానికి కాస్త ప్లాస్టరింగు చెక్కారు. చెక్కితే ఓ ఇటుక కదిలింది. దాన్ని సర్దబోతే పక్కది కదిలింది. "ఒక్క దెబ్బకి కూర్చోబెడతా, చూస్తూ ఉండండి" అని మేస్త్రి సుత్తి ఎత్తాడు. ఇటుక కూర్చోలేదు సరికదా, గోడ దాటి అవతలికి వెళ్లిపోయింది. చేతిలోంచి జారిన సుత్తి కూడా దాని వెంటే వెళ్లింది.

కాసేపటికి ఆ కన్నంలోంచి ఓ ఆడగొంతు వినిపించింది.

"ఏవండీ, ఈ సుత్తి మీదేనా?"

మేస్త్రికి ముచ్చెమటలు పోశాయి. "సిమెంటు పట్టుకొని ఇప్పుడే వస్తా సార్" అని మాయమయ్యాడు. మేస్త్రుల భాషలో 'ఇప్పుడే' అంటే ఏ వారమో ఎవరూ చెప్పలేరు.

రెండిళ్లకీ ఉన్నది ఒకటే గోడ. అయితే అవతలి ఇంటి గుమ్మం వెనకవీధిలో ఉంది. పన్నెండేళ్లుగా ఆ గోడకి ఇటు ఆయన, అటు ఆవిడ ఉంటున్నారు. ఒకరి మొహం ఒకరు ఎరగరు.

"మీకు దెబ్బలేం తగల్లేదు కదండీ?" మాస్టారు కన్నం దగ్గర వంగి అడిగారు.

"నాకేం కాలేదు. కుట్టుమిషను మీద దుమ్ము పడిందంతే."

"కుట్టుమిషనా? రోజూ గుర్రుమనేది నీళ్లమోటారు కాదా?"

"అయితే మోటారు మోత ఎక్కువైందని కాలనీ అసోసియేషన్‌కి ఉత్తరాలు రాసింది మీరేనా?"

మాస్టారు గతుక్కుమన్నారు. "మూడే రాశానండీ."

"నాలుగు. అసోసియేషన్‌వాళ్లు వాటిని నాకు పంపించారు, దాచుకున్నాను. నాకు వచ్చే ఉత్తరాలు అవే మరి."

మర్నాడు మేస్త్రి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇంకొకప్పుడైతే మాస్టారు ఇల్లు పీకి పందిరేసేవారు. ఇప్పుడు మాత్రం పదింటికల్లా స్టూలు లాక్కొని కన్నం దగ్గర కూర్చుంటున్నారు. అక్కతో కలిసి ఉండేదట ఆవిడ. అక్క పోయాక ఆవిడతో మాట్లాడేది మిషనొక్కటే. గుండీ ఊడిన చొక్కాని మాస్టారు చుట్టచుట్టి కన్నంలోంచి అందించారు. సాయంత్రానికి గుండీతో తిరిగొచ్చింది. అలవాటు ఊరుకుంటుందా? దారం ఒక ఛాయ తేడాగా ఉందని అనేసి, వెంటనే నాలిక్కరుచుకున్నారు.

"అబ్బ, ఎంత బాగా పట్టుకున్నారండీ! మా అక్క తర్వాత నా పనిని ఇంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరు" అందావిడ, పొంగిపోతూ.

వంక పెడితే సంతోషించిన మనిషి మాస్టారికి తగలడం అదే మొదలు. ఆ రాత్రి అన్నం మామూలు కన్నా కాస్త ఎక్కువ తిన్నారు.

చుట్టూ తిరిగి వెళ్తే ఆవిడ గుమ్మం ఐదు నిమిషాల నడక. కానీ తలుపు తట్టినవాడు ఏం పనిమీద వచ్చాడో చెప్పాలి. కన్నం దగ్గర కూర్చున్నవాడు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. మాస్టారికి ఆ కన్నం అలాగే ఉండిపోవాలనుంది. ఆ మాట ఏ నోటితో అనాలో మాత్రం తెలియలేదు.

"మీకు ఇబ్బందిగా ఉందేమో. మూయించాలి కదండీ" అన్నారోసారి, ఆవిడ వద్దంటుందన్న ఆశతో.

"అవును మరి... మూయించాలి కదా" అందావిడ.

ఆ పూట మాస్టారు స్టూలు తొందరగానే తీసేశారు.

మర్నాడు ఆవిడ టీ ఇవ్వబోతే కప్పు కన్నంలో పట్టలేదు. మాస్టారు స్క్రూడ్రైవరు తీసుకుని అంచులు కొంచెం గీకారు. సాసరు కూడా పట్టాలి కదా అని ఇంకొంచెం గీకారు. సరిగ్గా అప్పుడే, పదోరోజున, సుత్తి కోసం మేస్త్రి దిగాడు.

"ఇదేంటి సార్! గుప్పెడంత కన్నం పళ్లెమంత అయింది?"

ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో మాస్టారు ఒక్క తప్పుడు నివేదిక రాసి ఎరగరు. ఆ రోజు నోటితో ఇచ్చేశారు. "అంతా నీ పనితనమేనయ్యా! దానంతటదే రాలిపోతోంది. ముట్టుకుంటే గోడంతా వచ్చేలా ఉంది. కొన్నాళ్లు దాని జోలికి రాకు."

మేస్త్రి తిన్నగా సిమెంటు కొట్టుకి వెళ్లి, గోడలు వాటంతటవే రాలతాయా అని అడిగాడు. కొట్టాయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వీధి వీధంతా పాకి, తెల్లారేసరికి ఇతనికి 'రాలుడు మేస్త్రి' అని పేరు స్థిరపడింది. పని ఒప్పుకున్న ఇద్దరు ఇంటివాళ్లు మనసు మార్చుకున్నారు. పొద్దున్నే వచ్చి మాస్టారి గుమ్మంలో కూలబడ్డాడు.

"పాతికేళ్లుగా తిట్లు తింటున్నాను సార్, ఎప్పుడూ బాధపడలేదు. కానీ ఇలా నవ్వులపాలు కాలేదు. ఈ ఒక్క గోడ నన్ను సరిగ్గా కట్టనివ్వండి. మీ కాళ్లు పట్టుకుంటా."

తన అబద్ధం మనిషినిలా నవ్వులపాలు చేసిందని మాస్టారికి సిగ్గేసింది. "మరి అవతల ఆవిడ ఒప్పుకోవద్దూ?" అన్నారు.

"అడిగే వచ్చాను సార్. మీరెలా అంటే అలాగే అన్నారు."

మాస్టారు కన్నం వైపు చూశారు. "అయితే... ఆవిడెలా అంటే అలాగే."

రెండు అనుమతులూ దొరికాయని మేస్త్రి చెంగున లేచాడు.

జన్మలో మొదటిసారి ఇటుకలు నీళ్లల్లో నానబెట్టాడు. ఇసుక జల్లించాడు. వరస వరసకీ ఆగి, తాడు పట్టి చూసుకున్నాడు. ఇక ఒక్క ఇటుక సందు మిగిలింది. అందులోంచి ఆవిడ గొంతు వచ్చింది.

"మాస్టారూ, కాలరు అరిగిన చొక్కా ఒకటుందన్నారు కదా, అది గనక..."

"కొంచెం చెయ్యి తియ్యండమ్మా" అన్నాడు మేస్త్రి. ఇటుక సందులో గట్టిగా కూర్చుంది.

గోడకి రెండువైపులా ప్లాస్టరింగు చేసి, రోజూ వచ్చి నీళ్లుకొట్టి, వారం తిరిగాక తీర్పు కోసం వచ్చాడు మేస్త్రి. మాస్టారు అప్పటికే రెండు గంటలుగా ఆ గోడని పరీక్షిస్తున్నారు. రసమట్టం పెట్టారు, టార్చి వేశారు, వేళ్లతో అంగుళం అంగుళం తట్టారు. ఎక్కడా గుల్ల చప్పుడు లేదు. చెవి ఆనించినా అవతలి నుంచి ఏమీ వినిపించలేదు. ఏదో ఒక వంక దొరికితే బాగుండునని ఆయన అంతగా కోరుకున్నది ఎప్పుడూ లేదు.

"బాగుందని ఒక్కమాట అనండి సార్" మేస్త్రి చేతులు కట్టుకున్నాడు. "ఆవిడ దగ్గరా అనిపించుకునే వస్తున్నాను. ఆవిడ మీకంటే ఘోరం! పొద్దుట్నుంచీ కళ్లజోడు పెట్టుకుని, సూదితో గోడంతా గుచ్చి చూశారు. 'చిన్న పగులైనా లేదా నాయనా' అని నన్నే నాలుగుసార్లు అడిగారు. లేదమ్మా అనేసరికి అక్కడే కూర్చుండిపోయారు. సంతోషం పట్టలేక కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నారు సార్!"

మాస్టారు గోడ మీద అరచెయ్యి ఆనించారు. గోడ చల్లగా, గట్టిగా ఉంది.

"బాగుందయ్యా" అన్నారు చివరికి, కళ్లు తుడుచుకుంటూ.

ఇద్దరు యజమానులూ ఏడ్చేంత బాగా కుదిరిన పని తన సర్వీసులో అదొక్కటేనని మేస్త్రి ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటూ ఉంటాడు.