పేరున్న జబ్బుకే సీటు

కోరమండల్ స్టేషన్‌లో పొద్దున్నే బెంగళూరు రైలెక్కే వారందరికీ తెలియజేయడమేమనగా, మూడో బోగీలో సౌభాగ్య అనే ఆమె తలమీద టిఫిన్ క్యారియర్ పడిన ఘటనలో క్యారియర్‌కు ఎటువంటి అపాయమూ జరగలేదు. మూత కాస్త సొట్టపోయింది. పై గిన్నెలోని ఆకుకూర పులుసు, బస్సారు, ఒలికింది. అడుగు గిన్నెలోని రాగిముద్దలు మాత్రం చెక్కుచెదరలేదని అక్కడున్న పెద్దలు మూత తీసి చూసి నిర్ధారించారు. తలకేమైనా అయిందా అని చూడ్డానికి దానికి మూత లేదు కాబట్టి చూడలేదు.

క్యారియర్ ఓబలప్పది. ఆయన నిత్య ప్రయాణికుల క్షేమాభివృద్ధి సంఘానికి అధ్యక్షుడు. రైలు మారికుప్పంలో ఖాళీగా బయలుదేరుతుంది. అక్కడ ఎక్కేవాళ్ళు కిటికీలోంచి రుమాళ్ళు విసిరి తమకూ తమ వాళ్ళకూ సీట్లు పట్టేస్తారు. రుమాలు కూర్చున్న చోట మనిషి కూర్చోవడం ఆ బోగీలో పెద్ద నేరం. కోరమండల్‌లో ఎక్కేవాళ్ళకు నిలబడే హక్కు మాత్రం ఉంది, దాన్ని సంఘం ఎన్నడూ కాదనలేదు. సౌభాగ్య ఆ హక్కును వినియోగించుకుంటూ ఉండగానే బండి కుదిపింది, పైన సామాన్ల అరలోంచి క్యారియర్ దిగివచ్చింది.

"తప్పాయె ఓబలప్పన్నా, మూత సొట్టపోయింది" అని ఆమే ముందుగా క్షమాపణ చెప్పుకుంది. ఓబలప్ప పెద్దమనసుతో క్షమించాడు.

ఆనాటి నుంచి రైలు ఆగినా సౌభాగ్య తల ఆగడం లేదు. ట్యూబ్‌లైటు చూస్తే కళ్ళల్లో సూదులు గుచ్చినట్టుంటుంది. చేతులు వణుకుతాయి. అన్నం తింటూ "ఆ తెల్లగా ఉండేది ఇయ్యత్తా" అంటుంది. అత్త సొన్నమ్మ పెరుగు ఇస్తుంది. "అది కాదు, ఇంగోటి" అంటే మజ్జిగ ఇస్తుంది. ఉప్పు అనే మాట నోటికి వచ్చేసరికి అన్నం అయిపోతుంది. పైగా ఆమె చేసేది మాలూరులో ఒక ఫ్యాక్టరీలో చిన్న చిన్న ఇనుప బిళ్ళలను దీపం కింద పెట్టి గీతలున్నాయేమో చూసే పని. ఇప్పుడు గీత లేని బిళ్ళ ఆమెకు ఒక్కటీ కనబడడం లేదు.

ఒకరోజు బంగారుపేట దాటాక ఆమె తలతిరిగి పేకాట ఆడేవాళ్ళ మధ్యలో పడింది. మంచి ఆట చెడిపోయింది. విషయం ఇంత తీవ్రమైంది కనుక సంఘం అక్కడికక్కడే అత్యవసర సమావేశం జరిపింది. ఓబలప్ప సీటులోంచి లేవకుండానే ప్రసంగించాడు.

"మన సంఘం మానవత్వంలో ఎవురికీ తక్కువ కాదు. జబ్బు మనిషికి సీటు ఇచ్చేది మన ధర్మం. అయితే జబ్బంటే దానికి ఒక పేరుండాల. కాలు ఇరిగితే కట్టు కనపడతాది. కడుపుతో ఉంటే కడుపు కనపడతాది. తల తిరిగేది ఎవురికమ్మా కనపడేది? పేరు తీసుకొనిరా, సీటు తీసుకో. అంతవరకూ స్వల్ప అడ్జస్ట్ చేసుకో."

చప్పట్లు మోగాయి. ఆ చప్పుడుకు సౌభాగ్య చెవులు మూసుకుంది. మాలూరులో సూపర్‌వైజరు కూడా సరిగ్గా అదే మాటన్నాడు. పేరు లేకపోతే సెలవు లేదు, ఇలాగే బిళ్ళలు తిరగగొడితే పనీ ఉండదు. అలా సౌభాగ్య ఒక పేరు వెతుక్కుంటూ బయలుదేరింది.

మొదట రాబర్ట్‌సన్‌పేటలో ఒక డాక్టరు. ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే అది గ్యాస్ అని, పొట్టలోంచి తలకెక్కిందని కనిపెట్టాడు. తరువాత కోలారులో స్కాన్. అక్కడ అంతా నార్మల్ అన్నారు. ఆ మాట వినగానే ఆమె భర్త మునిశంకర్ తన ఆటోకు పూలదండ వేసి, వీధిలో అందరికీ మైసూరుపాకు పంచాడు. "నీ తలలో ఏమీ లేదంటనే!" అని పొంగిపోయాడు. ఏడవడానికి సౌభాగ్యకు పక్కన మనిషే దొరకలేదు.

ఆపైన బెంగళూరులో పెద్ద డాక్టరు. ఆయన సౌభాగ్యను ఏమీ అడగలేదు. రోగి గురించి రోగికేం తెలుస్తుంది? పక్కనున్న సొన్నమ్మ వైపు చూసి, ఇంట్లో అత్తాకోడళ్ళు బాగుంటారా అన్నాడు.

"నేనేమి చేసినాను సార్ దాన్ని? క్యారియర్ ఏసింది నేనా?" అని సొన్నమ్మ అంతెత్తున లేచింది.

డాక్టరు అర్థమైనట్టు తలూపి, ఇది చింత అని తేల్చి, సౌభాగ్య సంతోషంగా ఉండాలని మందుచీటీ మీద రాసిచ్చాడు. తిరుగు రైల్లో ఆమె నిలబడి, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, డాక్టరు చెప్పినట్టే సంతోషంగా ఉండడానికి శాయశక్తులా ప్రయత్నించింది.

బోగీలో వైద్య సలహాలకు కొరత లేదు. చెన్నప్ప అనే సభ్యుడి బావమరిది ఒక పెద్దాసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. పెద్ద పెద్ద డాక్టర్లందరినీ పైకి తెచ్చినవాడు కాబట్టి అతని మాటకు విలువ ఎక్కువ. అతను ఫోనులోనే పరీక్ష చేసి, దిండు మానెయ్యమన్నాడు. మానేసింది. మెడనొప్పి అదనంగా చేరింది.

ఇక సొన్నమ్మ దిష్టి తీసి మిరపకాయలు నిప్పులో వేసింది. ఇల్లంతా దగ్గు. పక్కింటివాళ్ళు కూడా వీధిలోకొచ్చి దగ్గారు. సౌభాగ్య ఒక్కతే పొగమధ్య కూర్చుని, "నాకేమీ వాసన రాలేదత్తా" అంది.

"చూసినారా! ఎంత చెడ్డ దిష్టో! ఘాటే రాలేదంట" అని సొన్నమ్మ దగ్గుతూనే గెలిచినట్టు చెప్పింది. ఆ పిల్లకు ముక్కు పనిచేయడం మానేసిందేమోనన్న అనుమానం ఆ దగ్గులో ఎవరికీ రాలేదు.

సౌభాగ్యకు ఇప్పుడు నొప్పికన్నా పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. ఇంతమంది లేదంటున్నారు కదా, నిజంగానే ఏమీ లేదేమో, అంతా తానే కల్పించుకుంటోందేమో అని. తన తలను తానే నమ్మలేని మనిషి బతుకు ఎంత నరకమో ఆమెకు తెలిసింది. చివరిసారి అనుకుని ఒక్కతే కోలారు బస్సెక్కి, కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయింది.

"తలమీద ఏమి పడిందమ్మా?" అంది డాక్టరమ్మ, అంతా విన్నాక. ఆ ప్రశ్న ఇంతవరకూ ఏ డాక్టరూ అడగలేదు.

"క్యారియర్ మేడమ్."

"ఖాళీదా?"

"ముద్దలుండె."

డాక్టరమ్మది ఈ జిల్లానే. పెన్ను కింద పెట్టేసింది. "ముద్దలా!" అంది. కళ్ళు మూసుకుని నిలబడమంది, వేలు వెంబడి చూపు తిప్పమంది, కాఫీపొడి ముక్కు దగ్గర పెట్టి ఏమిటో చెప్పమంది. సౌభాగ్య చెప్పలేకపోయింది. "దెబ్బకు మెదడు అదిరిపోయిందమ్మా. స్కాన్‌లో కనపడదు, అయినా ఉండాది. పోస్ట్ కంకషన్ సిండ్రోమ్ అంటారు. నిదానంగా తగ్గుతాది. నువ్వేమీ కల్పించుకోలేదు."

ఆ చివరిమాటకు సౌభాగ్య వెక్కివెక్కి ఏడ్చింది. జబ్బుందని చెబితే అంత ఆనందం కలగడం ఆమెకే వింతగా తోచింది.

డాక్టరమ్మ రాసిచ్చిన ఆ పేరు బోగీ అంతా చేతులు మారింది. ఇంత పొడుగాటి ఇంగ్లీషు పేరు ఆ బోగీలో ఇంతవరకూ ఎవరికీ లేదు. ఉన్నవన్నీ షుగరు, బీపీ లాంటి చిన్నాచితకవి. కిటికీ పక్కనున్న రుమాలును ఓబలప్ప స్వహస్తాలతో తొలగించి సీటిచ్చాడు. ఫోటోలు తీశారు.

వారం తిరక్కుండానే జబ్బు బోగీ అంతా పాకింది. చెన్నప్పకు చిన్నప్పుడు ఎనుము తన్నిన సంగతి గుర్తొచ్చింది. ఇంకొకాయనకు పెళ్ళిలో కొబ్బరికాయ తగిలింది. ఓబలప్పకు తలదెబ్బలేవీ లేకపోయినా, వాళ్ళ తాతకు ఇక్కడి బంగారు గనిలో తలమీద రాయి పడింది. "ఆ దెబ్బ వంశంలోనే ఉండాది" అన్నాడు. గనులు మూతపడినా, గని కార్మికుల మనవళ్ళందరూ కలిసి తలలు తిప్పసాగారు. సంఘంలో దేనికైనా సీనియారిటీయే ప్రమాణం. దెబ్బ ఎంత పాతదైతే సీటు అంత ముందు. సౌభాగ్య దెబ్బ మరీ మొన్నటిది కనుక ఆమె మళ్ళీ లేచి నిలబడింది.

అంతటితో ఆగక, సభ్యుల తలల భద్రత దృష్ట్యా ఇకపై క్యారియర్లను పైన పెట్టరాదని, సీటులోనే కూర్చోబెట్టాలని తీర్మానం కూడా చేశారు. ఆ ప్రకారం కిటికీ పక్కన ఓబలప్ప క్యారియర్ కూర్చుంది. దాని పక్కన ఓబలప్ప, తాతగారి దెబ్బను తలుచుకుంటూ కళ్ళు మూసుకున్నాడు.

బంగారుపేట దాటింది. సౌభాగ్య కళ్ళకు బోగీ గిర్రున తిరిగింది. ఇక నిలబడడం తనవల్ల కాదని తెలిసి, క్యారియర్‌ను మళ్ళీ పైన పెడదామని రెండు చేతులా ఎత్తింది. చేతులు వణికాయి. బండి కుదిపింది. ముద్దలతో నిండిన క్యారియర్ వరసగా అందరి తలల మీదా అటూ ఇటూ ఊగింది.

లేవలేని రోగులందరూ ఒక్క గెంతుతో లేచి నిలబడ్డారు. తాతగారి దెబ్బయితే తలుపు దాకా పరిగెత్తింది. వంశపారంపర్య వ్యాధి అంత త్వరగా నయమైన దాఖలా మరెక్కడా ఉండదు.

"తీసుకో ఓబలప్పన్నా" అని సౌభాగ్య ఆయన్ను పిలిచి మరీ క్యారియర్‌ను చేతుల్లో పెట్టింది. వచ్చి కిటికీ పక్కన కూర్చుని, కడ్డీకి తల ఆనించి, మాలూరు దాకా కళ్ళు మూసుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో నవ్వు కనబడింది. ఆ నవ్వును బోగీ అంతా గమనించింది.

మర్నాడు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ముద్దలున్న క్యారియర్‌ను తలకంటే ఎత్తుకు లేపి, ఆపైన నవ్విన మనిషికి ఏ జబ్బూ లేదు. కోలారు స్కానే సరైనది.

ఆమె క్యారియర్ ఎత్తినచోట మీరూ ఒక్క క్షణం అలాగే అనుకుని ఉంటారు. సిగ్గుపడనక్కర్లేదు. అనుమానముంటే ఒకసారి స్కాన్ తీయించుకోండి. మీకూ అంతా నార్మల్ అనే వస్తుంది.