పెనుకొండ వీధిలో పిచ్చుకల చీర

ఆ గురువారం పొద్దున్నే ధర్మవరం స్టేషనుకు బయలుదేరినప్పుడు ఉలిగప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య రామలక్ష్మమ్మతో పెనుకొండలో దిగాలి. ఆమెకు తాను నేసిన కొత్త పట్టుచీర కట్టించి, బాబయ్య దర్గా వీధిలో ఒకసారి నడిపించి, వెనక నుంచి కంటినిండా చూడాలి. తర్వాత చీర విప్పించి, ఎవరూ ముట్టనట్టు మడతపెట్టి, మధ్యాహ్నం బండికి హిందూపురం పోయి బట్టల కొట్టు వెంకటప్పకు చూపించాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు, కష్టం లేదు. అందుకే ఉలిగప్పకు ఎక్కడా అనుమానం రాలేదు.

కట్టుకున్న భార్య చీర కట్టుకుంటే చూడడానికి ఊరు దాటి పోవాలా అని మీరు అడగవచ్చు. సాలెవీధిలో పుట్టినవాళ్లెవరూ అడగరు. ఆ వీధిలో మగ్గం మీద పట్టు, మనిషి మీద నూలు. పట్టుదారం సావుకారు తూచి ఇస్తాడు, నేసిన చీరను తూచి తీసుకుంటాడు. నేతగాడి భార్య పట్టు కట్టి గడప దాటిందంటే, ఆ దారం ఎక్కడిదని వీధి వీధంతా ఆరా తీస్తుంది. మాట సావుకారు చెవిన పడుతుంది. మగ్గం మూలబడుతుంది. దొంగ అన్న పేరు పడ్డవాడికి ధర్మవరంలో ఇంకెవరూ పోగు ఇవ్వరు.

ఉలిగప్ప మీసాలు రాకముందు నుంచి నేస్తున్నాడు. నేసిన చీరల్లో ఒక్కటైనా నడవగా చూడలేదు. మగ్గం మీద చీర పడుకుని ఉంటుంది. సావుకారు కొట్లో మడతలో ఒదిగి ఉంటుంది. లేచి నడిచేది మాత్రం ఏ మద్రాసులోనో, ఏ మైసూరులోనో. పెళ్లి చేసి పంపిన కూతురైనా కాన్పుకు పుట్టింటికి వస్తుంది. చీర రాదు. ఆ బెంగతో ఉలిగప్ప సాయంత్రాలు స్టేషనుకు పోయి, బెంగళూరు బండి ఆగినప్పుడు కిటికీల్లోకి తొంగి చూసేవాడు. ఎవరైనా తన చీర కట్టి కూర్చున్నా కిటికీలో భుజం దాకానే కనిపిస్తుంది. కొంగు కనిపించేలోపు బండి కదిలిపోయేది. బండి పోయాక మిగిలేవి తంతి తీగెలూ, వాటి మీద వాలిన పిచ్చుకలూ.

వాటిని చూసి చూసి ఒకరోజు సావుకారు లక్ష్మీనారాయణ దగ్గరికి పోయి, "కొంగు మీద తంతి తీగెలు నేస్తా సావుకారూ, వాటి మీద..." అని మొదలుపెట్టాడు. సావుకారు పిచ్చుకల దాకా రానివ్వలేదు.

"తంతి తీగెలా! చీర మీద హంసలుండాల, నెమళ్లుండాల. రేపు రైలింజను గూడా నేస్తావా ఏమప్పా?"

కొట్లో అందరూ నవ్వారు. ఉలిగప్ప కూడా మర్యాదకు నవ్వి ఇంటికి వచ్చాడు. తర్వాత భార్య మేపుకుంటున్న గొర్రెలను అమ్మి, హిందూపురంలో సొంతంగా పట్టు కొన్నాడు. రంగులద్దే హజరత్‌వలి దాన్ని ఉల్లిపొర రంగులో ముంచి ఇచ్చాడు. సావుకారు చీరకూ చీరకూ మధ్య ఖాళీ చూసుకుని, సన్నని జరీ గీతలతో తీగెలు, బూడిద రంగు దారంతో పిచ్చుకలు నేశాడు. గొర్రెలు పోయినందుకు రామలక్ష్మమ్మ కొన్నాళ్లు అలిగింది. చీర మగ్గం మీద నుంచి దిగిన రోజు దాన్ని చేత్తో తడిమి చూసి, అలక మానేసింది.

రైలెక్కాక ఉలిగప్ప భార్యకు జాగ్రత్తలు చెప్పాడు. "మన ఊరోళ్లు ఎవురైనా కనపడితే నువ్వెవరో నాకు తెల్దు, నేనెవరో నీకు తెల్దు. గుర్తుంటాదా?"

"పెండ్లయినప్పటి నుంచి అదే కదా నడుస్తాండేది," అంది రామలక్ష్మమ్మ.

పెనుకొండలో హజరత్‌వలి చెల్లెలు షంషాద్‌బీ ఇల్లు దర్గా వీధి మొదట్లోనే ఉంది. సంగతి విన్నాక ఆమె రామలక్ష్మమ్మను లోపలికి తీసుకుపోయి చీర కట్టించి, తల దువ్వి, పూలు పెట్టింది. బయటికి వచ్చిన మనిషిని చూసి ఉలిగప్ప అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఎవరింటి దొరసానో వస్తోందని నిజంగానే అనుకున్నాడు.

"ఏమయ్యా, నేనే," అంది రామలక్ష్మమ్మ సిగ్గుపడుతూ.

"నువ్వు ముందు నడువు. నేను ఎనకాల వస్తా. తిరిగి చూడొద్దు."

ఆమె నడిచింది. గొర్రెల వెనక, నీళ్లబిందెతో, పొయ్యి దగ్గరికీ మగ్గం దగ్గరికీ నడిచిన మనిషి, ఖాళీ చేతులతో ఎట్లా నడవాలో తెలియక మెల్లగా నడిచింది. అదే దొరసాని నడక అయింది. ఉలిగప్ప కొంత దూరంలో వెనకే పోయాడు. కొంగు పూర్తిగా కనిపించడం లేదని ఎడమకు జరిగాడు. ఎండ జరీ మీద పడడం చూద్దామని కుడికి జరిగాడు. చివరి తీగె ఎక్కడ ముగిసిందో చూద్దామని వంగాడు. వీధిలో ఇంకా మనుషులున్నారన్న సంగతి అతడు మరిచిపోయాడు. వాళ్లు మాత్రం అతణ్ని మరవలేదు.

దర్గా ముందర ఒక జట్కా ఆగి ఉంది. అందులోంచి దిగిన ఇల్లాలు రామలక్ష్మమ్మ చీర చూసి, చూసినచోటే నిలబడిపోయింది. "అక్కా, ఏమనుకోవద్దండి. ఈ చీర యాడ కొన్నారు?"

ఎవరూ అడగరనుకున్న ప్రశ్న అది. రామలక్ష్మమ్మకు నోటికి వచ్చిన దూరపు ఊరు ఒక్కటే. "బెంగళూర్లో."

"అనుకుంటి! మాదీ పట్టుచీరల వ్యాపారమే. ధర్మవరం. మా ఆయన లక్ష్మీనారాయణ, ఆ జట్కాలో ఉండారు. నా పేరు గంగాదేవి. హిందూపురంలో మా పుట్టింటికి పోతా దర్గాకని దిగితిమి."

రామలక్ష్మమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. మగనికి పోగులిచ్చే సావుకారు భార్య! సావుకారు కొట్టుకు మగవాళ్లే పోతారు కాబట్టి సావుకారు గానీ గంగాదేవి గానీ రామలక్ష్మమ్మ ముఖం ఎప్పుడూ చూసినవాళ్లు కారు. అదొక్కటే దేవుడు మిగిల్చిన దారి.

"మీ ఇంటాయన రాలేదా అక్కా?"

"ఎనకాలే వస్తాండారు," అనేసింది రామలక్ష్మమ్మ, అలవాటు కొద్దీ నిజం చెప్పి.

గంగాదేవి వెనక్కి చూసింది. బెంగళూరు దొర ఎవరూ కనిపించలేదు. భుజాన తువ్వాలు వేసుకున్న మనిషి ఒకడు మెడ సాచి, సగం వంగి, ఈ ఇల్లాలి వీపు కేసి రెప్పవేయకుండా చూస్తున్నాడు.

"అయ్యో అక్కా! మీ ఎనకాల ఎవడో పోకిరోడు పడినాడు!" అని ఆమె గట్టిగా కేక పెట్టింది.

దర్గా ముందు బొరుగులు అమ్మే తిమ్మప్ప ఆ కేక కోసమే కాచుకుని ఉన్నట్టు గంప దిగవిడిచి వచ్చి ఉలిగప్ప చొక్కా పట్టుకున్నాడు. "నేనూ వీధి మొదలు నుంచి చూస్తాండా. ఆయమ్మ ఎనకాల యాలప్పా పోతాండావు?"

ఉలిగప్ప నోరు తెరిచాడు. అంతలో జట్కాలోంచి దిగుతున్న సావుకారు కనబడ్డాడు. తెరిచిన నోట్లోంచి రావలసిన మాట లోపలికి పోయి, ఇంకోటి వచ్చింది. "ఆయమ్మ ఎవరో నాకు తెల్దు."

"తెల్దా! తెలీని ఆడమనిషిని చూస్తాండావా?"

"ఆయమ్మను చూడలేదప్పా. చీరను చూస్తాండా."

గుంపు గొల్లుమంది. "దొరికినోళ్లంతా అదే మాట చెప్తారులే," అన్నాడు తిమ్మప్ప. ఉలిగప్ప పుట్టి బుద్ధెరిగాక అంతకన్నా పెద్ద నిజం చెప్పలేదు. దానికి వచ్చిన ఫలం ఒక మొట్టికాయ.

"ఏమమ్మా, ఈయప్ప మీకు తెలిసినోడేనా?" అని తిమ్మప్ప రామలక్ష్మమ్మను అడిగాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అవునంటే పట్టుదొంగ పెళ్లాం అవుతుంది, మగ్గం పోతుంది. కాదంటే మగడి వీపు పగులుతుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కన్నీళ్లు చూసి గుంపుకు ఇంకా కోపం వచ్చింది. గొడవ విని పరుగెత్తుకొచ్చిన షంషాద్‌బీ, "అరె, ఈయన ఈమె..." అనేసరికి రామలక్ష్మమ్మ ఆమె కాలు తొక్కింది. పాపం షంషాద్‌బీ మిగతా మాటను "అబ్బా!" అని ముగించింది.

తిమ్మప్ప రెండో మొట్టికాయకు చెయ్యి ఎత్తాడు. అప్పుడు సావుకారు గొంతు వినిపించింది.

"ఆగండబ్బా! వీడు మా ఉలిగప్ప. మా నేతగాడు. వీడు చెప్పేది నిజం. వీడు ఆడమనుషులను చూసే రకం కాదు. చీరనే చూస్తాండాడు." అది బెంగళూరు చీరని గంగాదేవి చెబితే, సావుకారు దగ్గరికి వచ్చి దాని కేసి చూశాడు. చూస్తూ చూస్తూ అతడి ముఖం మారిపోయింది. ఉలిగప్ప భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తంతి తీగెలు," అన్నాడు సావుకారు మెల్లగా. "పిచ్చుకలు. ఉలిగప్పా! నువ్వు గూడా ఒకతూరి తీగెలని ఏదో గొణిగినావు కదా? చూడు, బెంగళూరోళ్లు చేసి చూపించినారు. చెప్పేది కాదబ్బా, చెయ్యాల!"

"అవును సావుకారూ," అన్నాడు ఉలిగప్ప.

"ఈడికెట్లా వచ్చినావు?"

"మొక్కుబడి."

"ఒక్కడివేనా? ఇంట్లో ఆడమనిషి?"

"దానికి ఒళ్లు బాగలేదు."

"పాపం, ఇట్లాంటి చీర చూసే భాగ్యం ఆయమ్మకు లేదు," అని సావుకారు రామలక్ష్మమ్మ ముందే నిలబడి జాలిపడ్డాడు. తర్వాత ఆమె కేసి తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, తప్పుగా అనుకోవద్దండి. మా వాడు ఈ పనితనం సరిగ్గా చూసుకోవాల. ఆ దర్గా గేటు దాకా పోయి మళ్లా ఈడికి రాండి. మీకు పుణ్యముంటాది."

గంగాదేవి బతిమాలింది. తిమ్మప్ప తన తప్పు దిద్దుకోవడానికి అందరినీ పక్కకు జరిపి దారి చేశాడు. ఉలిగప్పను ముందుకు తెచ్చి, బాగా కనిపించేచోట నిలబెట్టాడు. రామలక్ష్మమ్మ తల వంచుకుని నడిచింది.

మగ్గం మీద అతడు నేసినప్పుడు పిచ్చుకలు తీగెల మీద కూర్చుని ఉన్నాయి. ఆమె నడుస్తుంటే అవి కదిలాయి. అడుగు పడినప్పుడల్లా తీగె ఊగింది, ఊగినప్పుడల్లా పిచ్చుకలు ఎగరబోయి ఆగినట్టు తోచింది. ఆ కదలిక అతడు నేసింది కాదు. నేసేవాడి చేతిలో లేనిది, కట్టుకున్న మనిషి నడకలోనే ఉండేది ఒకటి ఉందని అతడికి ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్లూ నేసిన ప్రతి చీరా ఎక్కడో ఇట్లా కదిలి ఉంటుంది. అవన్నీ తనకు కనబడకుండా కదిలి, పాతబడి, చిరిగి కూడా పోయి ఉంటాయి. ఉలిగప్పకు దుఃఖం ఆగలేదు. తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. అట్లా ఒత్తుకుంటూనే, నడుము మడతలో ఒక పిచ్చుక నలిగిపోతోందనీ, దాన్ని జానెడు పైకి జరపాలనీ కూడా చూసుకున్నాడు.

"యాలబ్బా ఏడుస్తావు?" అని సావుకారు వీపు తట్టాడు. "నేర్చుకుంటే నీకూ వస్తాది. వచ్చే వారం ఇదే మాదిరి నెయ్యి. నేను ఈ పొద్దే హిందూపురం పోయి వెంకటప్పకు చెప్తా, బెంగళూరు పిచ్చుకల చీరలు వస్తాండాయని."

దాంతో హిందూపురం దారి మూసుకుపోయింది. వెంకటప్ప కొట్లో ఈ చీర పరిస్తే అది ఎవరి చీరో సావుకారుకు తెలిసిపోతుంది. ధర్మవరానికి తీసుకుపోతే వీధికి తెలిసిపోతుంది. ఇద్దరూ వేర్వేరుగా నడుస్తూ షంషాద్‌బీ ఇంటికి చేరారు. రామలక్ష్మమ్మ చీర మార్చుకుని బయటికి వచ్చి, మగడి తల మీద మొట్టికాయ పడినచోట చెయ్యి పెట్టి చూసింది.

"నొప్పుండాదా?"

"బాగుండాది," అన్నాడు ఉలిగప్ప. అతడు తల సంగతి చెప్పడం లేదని ఆమెకు తెలుసు.

చీర షంషాద్‌బీ పెట్టెలోనే ఉండిపోయింది. ఏడాదికి ఒకసారైనా ఆ దంపతులకు బాబయ్య మీద భక్తి పుట్టుకొచ్చేది. అప్పుడు ఉలిగప్ప వీధిలో వెనకే రాకుండా, తిమ్మప్ప దగ్గర బొరుగులు కొనుక్కుని గంప పక్కన కూర్చుని, ఆమె చీర కట్టి నడుస్తుంటే చూసేవాడు.

కానీ అది తర్వాతి మాట. ఆ నెలలోనే అతడు సావుకారు పట్టుతో రెండో పిచ్చుకల చీర నేశాడు. నలిగిన పిచ్చుకను జానెడు పైకి జరిపాడు. తీగెలను ఇంకా సన్నం చేశాడు. తన చేతి మీదుగా అంత మంచి చీర రాలేదని అతడికే అనిపించింది. సావుకారు దాన్ని బల్ల మీద పరిచి, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"బాగుండాది. కానీ ఆ బెంగళూరోడి చెయ్యి నీకు రాలేదబ్బా. దాంట్లో పిచ్చుకలు కదిలినాయి. ఇవి ఊరికే కూర్చోనుండాయి."

ఎవరైనా కట్టి నడిస్తే ఇవీ కదులుతాయన్న మాట ఉలిగప్పకు గొంతు దాకా వచ్చింది. చెబితే నీకెట్లా తెలుసు అంటాడు. తలూపి, మళ్లీ పోగు తూయించుకుని ఇంటికి వచ్చాడు. గుమ్మంలో కూలబడి, సావుకారు అన్న మాట పొల్లుపోకుండా భార్యకు చెప్పాడు.

రామలక్ష్మమ్మ విని, కంచం తెచ్చి ముందర పెట్టింది. "ఆ బెంగళూరాయప్పను చెయ్యి కడుక్కోమను. సంగటి చల్లారిపోతాండాది."