ఒక్క క్లిక్కు జాబితా

"ఒక్క క్లిక్కు. ఒకే ఒక్క క్లిక్కుతో లక్షా నలభై వేల పేర్లూ బయటికొస్తాయి" అని 2007లో మంత్రిగారు బాపట్ల సభలో ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి. ఏ పేర్లంటారా? కాలవ గట్ల మీదా రోడ్ల పక్కనా గుడిసెలేసుకున్న వాళ్లవి. 'స్థలభాగ్యం' పథకం కింద వాళ్లకి తలా రెండు సెంట్లిస్తారు. దరఖాస్తులన్నీ వెబ్‌సైట్లోనే. జాబితా అందులోంచి తీసి, సీడీల్లోకెక్కించి ఊరూరా పంపుతారు. కాగితం ముట్టని ప్రభుత్వం! ఇంతటి దూరదృష్టి ఉన్న మంత్రిని నేనైతే ఎరగను.

రేపల్లెలో నాకో ఇంటర్నెట్ సెంటరుంది. మా కాలవ గట్టు దరఖాస్తులన్నీ నింపింది నేనే. కొండమ్మత్తది కూడా. గట్టు వెడల్పు చేస్తారనీ, జాబితాలో పేరున్నవాళ్లకే వేరేచోట స్థలమనీ చెప్పారు. దాంతో ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి, తన పేరొచ్చిందేమో చూడమని నా ప్రాణం తోడేసేది.

జాబితా తీసే ముహూర్తం నాడు, దరఖాస్తులు నింపిన మమ్మల్నందర్నీ తెనాలి ఆఫీసుకి పిలిచారు. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి, 'ఎక్స్‌పోర్ట్' అన్నచోట క్లిక్ చేశారు. ఫొటోలు తీశారు. తెరమీద గుండ్రటి బొమ్మ తిరగడం మొదలెట్టింది. టీలొచ్చాయి, బిస్కెట్లొచ్చాయి, చివరికి తెల్ల పేజీ వచ్చింది. రెండోసారి నొక్కితే వెబ్‌సైటే పడిపోయింది.

ఆ సాఫ్ట్‌వేర్ రాసిన ఫణి చేతులు కట్టుకుని విషయం చెప్పాడు. లక్షా నలభై వేల దరఖాస్తుల్నీ సర్వర్ ఒకేసారి నెత్తికెత్తుకోబోయి కూలబడుతోందట. వెయ్యేసి చొప్పున తీసి ఫైల్లో రాసుకుంటూ పోతే చాలట. రెండు రోజులు గడువడిగాడు.

"విడతలవారీగానా? ఒక్క క్లిక్కని చెప్పానయ్యా" అన్నారు మంత్రిగారు.

"క్లిక్కు ఒక్కటేనండి. లోపల మాత్రం విడతలు విడతలుగా..."

"లోపలొకటీ బయటొకటీ మా పార్టీలో లేదు."

నాకు కళ్లు చెమర్చాయి. నిజాయితీ అంటే అదీ.

అప్పుడు స్పెషలాఫీసరు వేంకటసుబ్రహ్మణ్యంగారు ముందుకొచ్చారు. ఫైలు బరువెక్కువైంది కాబట్టి తగ్గిద్దామన్నారు. ముందు చిరునామాలు తీయించారు. మళ్లీ తెల్ల పేజీ. భర్తల పేర్లూ తండ్రుల పేర్లూ తీయించారు. వయసులు తీయించారు. చివరికి వరస నంబరు, పేరు, కులం మిగిలాయి. అయినా ఫైలు కదల్లేదు. నేను ఊరుకోక, కులం తీసేస్తే పోలేదా అన్నాను.

"కులం తీసేస్తే ఎవరికిచ్చామో మాకెట్లా తెలుస్తుందయ్యా?" అన్నారు మంత్రిగారు.

ఆ మాటా నిజమే. మన జిల్లాలో పేర్లు మరీ పొడుగని వేంకటసుబ్రహ్మణ్యంగారు నిట్టూర్చి, పేర్లు తీయించారు. ఈసారి క్లిక్కుమనగానే లక్షా నలభై వేల వరసలూ జలజలా దిగాయి. మంత్రిగారికి దండ పడింది.

సీడీ రేపల్లె వచ్చింది. కొండమ్మత్త నా కుర్చీ వెనకే నిలబడింది. తెరమీద నంబర్లు, కులాలు. ఎంత కిందికెళ్లినా అవే. ఇందులో నువ్వెక్కడున్నావో ఎలా చెప్పను? నాకు ఒళ్లు మండిపోయింది. అత్తని వెంటబెట్టుకెళ్లి మండలాఫీసు గుమస్తా దేవకుమారిగారిని అడిగితే, పాపం ఆవిడ మెత్తగానే చెప్పారు. "ఉన్నావమ్మా, ఎక్కడో ఒకచోట ఉన్నావు. పేర్లొచ్చేదాకా స్థలాలు మాత్రం ఇవ్వరు."

పదిరోజుల తర్వాత ఇంకో జాబితా వచ్చింది. అదే వెబ్‌సైట్లోంచి తీసిందే. దీన్ని ఏ సభలోనూ ప్రకటించలేదు, ఫొటోలు లేవు, కొబ్బరికాయ లేదు. ఫణికి అడిగినంత గడువిచ్చారు. మండలాఫీసు నోటీసు బోర్డు నిండా నీటుగా అంటించారు.

కొండమ్మత్త చదివించుకుంది. నేను చదివాను. "యర్రా కొండమ్మ, భర్త లేటు బసవపున్నయ్య, వయసు యాభై ఎనిమిది, కాలవ గట్టు, ఏడో గుడిసె."

"ఆయన పేరు కూడా వేశారా బాబూ!" అంది. మొహం చాటంతయింది. చెంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. పైన పెద్దక్షరాల్లో ఉన్న 'తొలగించవలసిన ఆక్రమణలు' అన్న ముక్క మాత్రం నా నోటెంట రాలేదు.

"ఎప్పుడు రమ్మన్నారయ్యా?" అనడిగింది.

"నువ్వెళ్లక్కర్లేదత్తా" అన్నాను. "సోమవారం పొద్దున వాళ్లే వస్తారంట."