గుంపుల గురువు పెళ్లికూతురైన పొద్దు

ఆ రోజు పదకొండింటికి మంచాల కంపెనీ యజమాని ఆఫీసుకు వస్తున్నాడు. ఆయన ప్రకటనల ఒప్పందం మీద సంతకం పెట్టాడా, గుంపుల గురువు ఉద్యోగం నిలుస్తుంది. పెట్టలేదా, సెక్షనే మూసేస్తామని మేనేజరు ముందే చెప్పేశాడు. గుంపుల గురువన్న పేరు ఆఫీసువాళ్లు పెట్టిందే. టీవీలు చూసేవాళ్లను, పొద్దస్తమానం ఫోన్లు గోకేవాళ్లను వయసును బట్టి, సరదాలను బట్టి గుంపులుగా విడదీసి, ఏ గుంపుకు ఏ ప్రకటన చూపించాలో తేల్చడం ఆయన పని. సొంత అత్తగారిని కూడా "మోకాళ్ల నొప్పులు, సీరియళ్లు" గుంపులో పడేశాడు, పైకి అనలేదంతే.

"పెళ్లి కుదిరినవాళ్లకి మన మంచాలు కనబడుతున్నాయో లేదో ఒక్కసారి చూసేస్తే పోలా!" అనుకున్నాడు. కాఫీ తాగుతూ, ఇంట్లో అందరూ వాడే ట్యాబ్ తీసి అరగంటపాటు పెళ్లికూతురైపోయాడు. పెళ్లి హాళ్లు, పెళ్లి బట్టలు, డబల్ కాట్లు, ఒకటేమిటి, అన్నీ వెతికాడు. మంచం ప్రకటన టక్కున ప్రత్యక్షమైంది! "తగిలింది!" అని ఎగిరి గంతేసి, ట్యాబ్ అక్కడే పడేసి ఆఫీసుకు పరిగెత్తాడు.

తొమ్మిదింటికి వార్తలు చూద్దామని ఆయన భార్య ట్యాబ్ తెరిచింది. వార్తకో మంచం, మంచానికో పెళ్లి హాలు! ఎవరేం వెతికితే ఆ ప్రకటనలే వెంటపడతాయని మొగుడి నోట రోజూ వినేదే.

"ఏమే, మాకు చెప్పకుండా పెళ్లి చేసుకుంటున్నావా?" అని కూతుర్ని నిలదీసింది.

"నేనా? మీరే నాకు తెలీకుండా సంబంధం ఖాయం చేశారన్నమాట!" అంటూ కూతురు భోరుమంది.

అత్తగారు కళ్లజోడు సవరించుకున్నారు. "నువ్వూ కాదు, అదీ కాదు. నాకా, ఆ ఓపిక లేదు. ఇక ఇంట్లో మిగిలిందెవరే?"

మిగిలింది అల్లుడు. ఫోన్ చేస్తే ఎత్తడే! మీటింగు కదా అని సైలెంటులో పెట్టుకున్నాడు పాపం. దాంతో అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. సాక్ష్యానికి ట్యాబ్ చంకన పెట్టుకుని ముగ్గురూ టాక్సీ ఎక్కారు.

అక్కడ గుంపుల గురువు మంచి ఊపు మీదున్నాడు. "మా గురి తప్పదండీ! మా యాడ్ చూసినవాళ్లు ఇంట్లో కూర్చోలేరు!" అంటుండగానే తలుపు దభాలున తెరుచుకుంది.

"డబల్ కాట్ ఏ మహాతల్లి కోసమండీ?" అని భార్య అరిచింది.

"అదీ ఆరున్నర అడుగులదట!" అని వెనకనుంచి అత్తగారు అందుకున్నారు.

ఉద్యోగం గోవిందా అనుకున్నాడు గురువు. పొద్దున తాను పెళ్లికూతురైన వైనం అందరి ముందూ చెప్పుకున్నాడు. మేనేజరు తల పట్టుకున్నాడు. యజమాని మాత్రం లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మా యాడ్ ఎన్నింటికి చూశారు?"

"తొమ్మిదింటికి!"

"ఇరవయ్యేళ్లుగా యాడ్లు వేయిస్తున్నాను, ఒక్కడంటే ఒక్కడు కుర్చీలోంచి కదిలిన పాపాన పోలేదు. మీరు ముగ్గురూ టాక్సీ కట్టించుకుని మరీ వచ్చారు! కాగితాలేవయ్యా, సంతకం ఎక్కడ పెట్టాలి?"

గురువు సాయంత్రం ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు. భార్య వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. సరేనని ట్యాబ్ తెరిచాడు. మొదటి ప్రకటనే కొట్టొచ్చినట్టు కనిపించింది: "ఒంటరి మగవారికి గదులు అద్దెకు ఇవ్వబడును."

"ఇదెవరు వెతికారే?" అని కూతుర్ని అడిగాడు.

"అమ్మే. అంతమందిలో పరువు తీశావని, తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో."

ప్రకటన సరిగ్గా చేరాల్సిన గుంపుకే చేరింది. ఆ గుంపులో ఉన్నది ఆయనొక్కడే.