ప్రశాంతతకు పాస్ మార్కులు

ఆ ఉదయం మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు వేసుకున్న పథకంలో అపాయమేదీ లేదు. గ్రంథాలయం వెనక పాత పత్రికల గదిని ఖాళీ చేయించి, గోడవారగా మెత్తని కుర్చీలు వేయించి, ఒక్కో కుర్చీ మీద ఒక్కో వీఆర్ హెడ్‌సెట్ పెట్టించింది. దాన్ని కళ్లకు తగిలించుకుంటే గది మాయమై సరస్సు కనిపిస్తుంది. ఊపిరి నెమ్మదిగా తీసి వదలమని ఒక గొంతు చెబుతుంది. చదువు బరువుకు నలిగిన పిల్లలు కాసేపు కూర్చుని తేలికపడి వెళ్లాలని ఆమె కోరిక. తలుపు మీద కాగితం తానే అంటించింది: "ఇష్టమున్నవారు రావచ్చు. హాజరు లేదు, మార్కులు లేవు."

జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి చేయకూడని పొరపాటు అది. మార్కుల్లేని చోటికి విశ్వవిద్యాలయంలో ఎవరూ రారు. వచ్చింది ఆమె అక్క కూతురు ఒక్కతే. చివరి సంవత్సరం చదువుతూ పిన్ని ఇంట్లోనే ఉంటోంది. పరీక్షలంటే అన్నం మానేసే ఆ పిల్ల, హెడ్‌సెట్ తీస్తూనే, ఎన్నాళ్లకో నవ్వింది. "నీళ్లు భలే ఉన్నాయి పిన్నీ," అని, చుట్టూ చూసి, "అదే, మేడమ్," అని దిద్దుకుంది.

సరిగ్గా అప్పుడే రిజిస్ట్రారు తనిఖీకి వచ్చాడు. ఖాళీ కుర్చీలు చూసి ఆయన మనసు చివుక్కుమంది. ఇంత సామాను కొని పిల్లల్ని బతిమాలుకోవడమేమిటన్నాడు. సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది: మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణకు హాజరు కానివారికి పరీక్షల హాల్ టికెట్ ఇవ్వబడదు.

మర్నాటి నుంచి గది కిక్కిరిసింది. హెడ్‌సెట్ చాటున సగంమంది హాయిగా నిద్రపోయారు. ఆ గురక రిజిస్ట్రారు చెవిదాకా వెళ్లింది. నిజంగా ప్రశాంతంగా ఉన్నదెవరో, నటిస్తున్నదెవరో తేల్చే మార్గం లేదా అని ఆయన ఆరా తీశాడు. దురదృష్టవశాత్తు ఉంది. ఊపిరినీ గుండె చప్పుడునూ కొలిచి, కునుకు తీసినవాడికి సున్నా వేసి, మిగతావారికి నూటికి ఇంత అని గోడ మీది తెరకు పంపే ఏర్పాటు ఆ హెడ్‌సెట్‌లోనే ఉంది. అంకె కనబడగానే ఆయన ముఖం వెలిగింది. నలభై వస్తే పాసన్నాడు.

"ప్రశాంతతకి పాస్ మార్కులేంటండీ?" అంది అధ్యాపకురాలు.

"మార్కుల్లేకపోతే పిల్లలు సీరియస్‌గా తీసుకోరమ్మా."

"సీరియస్‌గా తీసుకుంటే ఇంక ప్రశాంతత ఎక్కడుంటుంది?"

"అది నేర్పడానికే కదా మీరున్నది," అన్నాడాయన ఎంతో మర్యాదగా.

ఆ వారం సరస్సు ఒడ్డున గుండెలు దడదడలాడాయి. వరండాలో పిల్లలు ఊపిరి తీసే పద్ధతిని బట్టీ పట్టారు. తప్పక వచ్చే శ్వాసలేవో, వదిలేయదగ్గవేవో సీనియర్లు గుర్తుపెట్టి ఇచ్చారు. ఒకడు ఊపిరి బిగబట్టి కుర్చీలోనే స్పృహ తప్పాడు. యంత్రం వాడికి మంచి మార్కులే వేసింది. మర్నాడు వాడి స్నేహితులందరూ వరసగా స్పృహ తప్పారు. అంత తెగువ లేనివాళ్లు ఫెయిలయ్యారు. వాళ్లకోసం సప్లిమెంటరీ సరస్సు ఏర్పాటైంది.

ఆ నీళ్లు చూసి నవ్విన అక్క కూతురు ఎన్నిసార్లు కూర్చున్నా గట్టెక్కలేదు. అల కదిలితే అంకె గుర్తొచ్చేది. అంకె గుర్తొస్తే గుండె పరుగెత్తేది. హాల్ టికెట్ ఆగిపోయింది. అది లేకపోతే ఏడాది చదువూ నీళ్లపాలే. పిల్ల మళ్లీ అన్నం మానేసింది. సంగతి తెలిసి అక్క ఫోన్ చేసింది.

"మనసు గురించి చదివిన చెల్లెలుందని నీ దగ్గరికి పంపానే. లెక్కల్లో తప్పిందంటే నలుగురికీ చెప్పుకుంటాను. ఊపిరి పీల్చడంలో తప్పిందని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

చెల్లెలు ఆఖరి సప్లిమెంటరీకి పిల్ల పేరు రాయించింది. పిల్లను ముంచడానికి సరస్సు తెచ్చిపెట్టింది తానే.

చివరి సప్లిమెంటరీ రోజున, పిన్నీ పిల్లా గదిలోకి అడుగుపెట్టేసరికి రిజిస్ట్రారు బయటికి వస్తున్నాడు. గడువు మధ్యాహ్నంతో ముగిసిందన్నాడు. వేళ ముందుకు జరిగిన సంగతి తమకెవరూ చెప్పలేదని ఆమె వాదించింది, ఆఖరికి బతిమాలింది. నిబంధన నిబంధనేనన్నాడాయన. పిల్ల కంట నీరు పెట్టలేదు.

"పోనీలే పిన్నీ. ఎలాగూ అయిపోయింది. ఆ నీళ్లు ఒక్కసారి చూసి పోదాం."

ఈసారి పిన్నిని మేడమ్‌గా దిద్దుకోలేదు. కూర్చుంది, హెడ్‌సెట్ తగిలించుకుంది, భుజాలు జారవిడిచింది. తలుపు దగ్గర నిలబడ్డ రిజిస్ట్రారు అలవాటుకొద్దీ తెర వైపు చూశాడు. అంకె అరవై దాటింది, ఎనభై దాటింది, తొంభై ఎనిమిది దగ్గర కదలకుండా ఆగింది. స్పృహ ఉన్నవాళ్లలో అంత ఎవరికీ రాలేదు.

అంతటి ఘనత లెక్కలోకి రాకుండా పోతే ఎలాగని ఆయన గడువును అక్కడికక్కడే పొడిగించాడు. హాల్ టికెట్ పిల్ల చేతిలో పెట్టి, ఆ రహస్యమేమిటో చెప్పమన్నాడు.

"రహస్యమేం లేదండీ. ఫెయిలయ్యానని ముందే తెలిసిపోయింది కదా. ఇంక భయపడటానికేముంది?"

రిజిస్ట్రారు ఆ మాట జేబు పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన కళ్లలో ఏదో మెదిలింది. ఇన్నాళ్లకు ఒక్క ముక్క ఆయన బుర్రకెక్కిందని అధ్యాపకురాలికి ఆశ పుట్టింది. చేయకూడని పొరపాట్లలో అది రెండోది.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది: వచ్చే ఏడాది నుంచి విద్యార్థులందరికీ విశ్వవిద్యాలయంలో చేరిన రోజునే వారు ఫెయిలైన సంగతి తెలియజేయవలెను; ఆ బాధ్యత మనస్తత్వశాస్త్ర విభాగానిది.